ఆటో వెనక ఆకుపచ్చ పలక

ప్రేమయ్య మనసులో ఒక అనుమానం చాలా ఏళ్లుగా ఉంది. పెద్దదేం కాదు, ఎవరినీ అడిగేదీ కాదు. చెప్పులో దూరిన ఇసుక రేణువులాంటిది. నడుస్తున్నంతసేపూ గుచ్చుకుంటుంది, ఆగి దులుపుదామంటే కనపడదు. దేవుడు తనకు చేతి పని ఇచ్చాడు. ఆ పనితోనే ఇల్లు నిలబెట్టాడు. కానీ కొడుకు ఎదిగే వయసులో తనను ఇంట్లో లేకుండా చేసింది కూడా ఆ పనే. మరి స్తోత్రం చెప్పేటప్పుడు దాన్ని దీవెనల్లో కలపాలా, వద్దా?

అందుకే రోజూ పొద్దున ప్రార్థనలో ఆ మాట దగ్గరికి రాగానే ఆయన గొంతు చిన్నగా తడబడేది. ఆ శనివారం పొద్దున కూడా అంతే.

"మాకు పని ఇచ్చినందుకు..." అని ఆగి, "స్తోత్రం తండ్రీ, ఆమెన్" అని ముగించాడు.

విశ్వాసమ్మ తల మీది కొంగు సర్దుకుంటూ, "ఇయ్యాల కూడా ఆడనే ఆగినావు," అంది.

"దమ్ము ఆడలేదులే."

"రోజూ అదే మాట కాడ ఆడదా నీకు దమ్ము?"

ఆయన బైబిలు మూసి గూట్లో పెట్టాడు.

ఓర్వకల్లు శివార్లలో, రాళ్ల గుట్ట కింద కాలనీలో ఉంటుంది వాళ్ల ఇల్లు. ఒక్కగానొక్క కొడుకు యేసుప్రసాద్ మంగంపేట ముగ్గురాయి గనుల్లో లారీ తోలుతాడు. రెండు వారాలకోసారి వస్తాడు. కోడలు నిస్సీ కర్నూలులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. ఎక్కువగా రాత్రి డ్యూటీలే పడతాయి. వాళ్ల కూతురు మహిమకు మూడేళ్లు నిండాయి. మాటలు మాత్రం ముప్పై ఏళ్ల మనిషివి.

ప్రార్థన అయ్యేసరికి మహిమ వరండాలో ఆట మొదలుపెట్టింది. గుడ్డబొమ్మను చాప మీద పడుకోబెట్టి దుప్పటి కప్పింది. అవ్వ వాడే కూరగాయల సంచీని తన భుజానికి తగిలించుకుంది. సంచీ నేలకు రాసుకుంటోంది. వంగి బొమ్మ నుదుటి మీద ముద్దు పెట్టి, "అల్లరి చెయ్యద్దు. అవ్వ మాట విను. పొద్దున్నే వచ్చేస్తా," అని చెప్పి, వెనక్కి చూడకుండా గేటు దాకా నడిచిపోయింది.

ప్రేమయ్య నవ్వాడు. "చూడు విశ్వాసమ్మా, అచ్చం వాళ్లమ్మే!"

గేటు బయట నిస్సీ నిలబడి ఉంది. అప్పుడే బస్సు దిగి వచ్చింది. కళ్ల కింద నిద్రలేమి, చేతిలో టిఫిన్ డబ్బా. ఆమె నవ్వలేదు.

"అమ్మా, నేను డ్యూటీకి పోతాండా. తప్పుకో," అంది మహిమ.

"అమ్మ ఆట ఆడమంటే ఈ ఆటేనా ఆడతాది అత్తా?" అని అడిగింది నిస్సీ, గొంతు తగ్గించి.

"అమ్మ ఆటంటే దానికి ఇదేనమ్మా. సంచీ ఏసుకోడం, పోవడం," అంది విశ్వాసమ్మ మామూలుగానే. అన్నాక గానీ ఆ మాట ఎక్కడ తగిలిందో ఆమెకు తెలియలేదు. నిస్సీ చాప దగ్గరికి వెళ్లి, ఒంటరిగా పడుకుని ఉన్న ఆ బొమ్మను తీసి కాసేపు ఒళ్లో పెట్టుకు కూర్చుంది.

తర్వాత స్నానం చేసి, పడుకోవాల్సిన మనిషి పడుకోకుండా, మహిమను ఎత్తుకుని "చిన్న పని ఉండాది, వస్తా" అని వెళ్లిపోయింది.

ఎండ ముదరకముందే ప్రేమయ్య ఉప్పు, బెల్లం తెద్దామని సైకిలెక్కాడు. విమానాశ్రయం వైపు వేసిన కొత్త రోడ్డు ఆ వేళకు ఖాళీగా ఉంటుంది. ఆ రోడ్డు మీద ఒక ఆటో ఆయన ముందు పోతోంది. నాలుగు గజాలు ఉరుకుతోంది, ఎక్కిళ్లు వచ్చినట్టు ఊగి ఆగిపోతోంది. లోపల ఎవరో చిన్నపిల్ల పకపకా నవ్వుతోంది.

"క్లచ్ అమ్మా, క్లచ్! మెల్లగ ఇడువు! అరె, అదేమన్నా మొండి పేషెంటా, అట్ల నొక్కుతావు!"

ఆ గొంతు ఆటో సొంతదారు మదార్ సాహెబ్‌ది. గొంతుకన్నా ముందు ప్రేమయ్య గుర్తుపట్టింది ఆటో వెనక ఉన్న రేకును. ఆకుపచ్చ రంగు, చుట్టూ తెల్లటి అంచు, మధ్యలో ఏమీ లేదు.

ఆ రంగు వేసింది ప్రేమయ్యే.

ఒకప్పుడు ఆయన గోడల మీద, బండ్ల మీద రాసే పెయింటరు. సిమెంటు కంపెనీలకు, విత్తనాల కంపెనీలకు ఆలూరు నుంచి రైల్వే కోడూరు దాకా గోడలు రాశాడు. నెలల తరబడి ఇంటికి రాకుండా రాశాడు. మదార్ సాహెబ్ ఈ ఆటో కొన్న కొత్తలో, "వెనక మా పాప పేరు రాయప్పా, సాజియా అని. నీ చెయ్యి పడితే అక్షరం నవ్వుతాది," అని అడిగాడు. ప్రేమయ్య ఇష్టంగా అడుగురంగు వేసి, అంచు గీశాడు. ఆకుపచ్చ ఆరాక రేపు పేరు రాస్తానన్నాడు. ఆ సాయంత్రమే ప్రొద్దుటూరు నుంచి గోడల కాంట్రాక్టు కబురొచ్చింది. వెళ్లిపోయాడు. తిరిగొచ్చేసరికి ఊరంతా ఫ్లెక్సీలు వచ్చాయి. రాత పనికి పిలిచేవాళ్లు లేకపోయారు. ఆ దుఃఖంలో బ్రష్షులను ట్రంకుపెట్టెలో వేసి తాళం పెట్టేశాడు. తర్వాత పారిశ్రామికవాడలో వాచ్‌మన్‌గా చేరి, అందులోనే ముసలివాడయ్యాడు.

మదార్ సాహెబ్ ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. స్టిక్కరు అంటిస్తామని ఎవరన్నా అంటే, "వద్దప్పా, మాట ఇచ్చినాయన ఉండాడు," అనేవాడట. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఆ ఆటో కనిపిస్తే చాలు, ప్రేమయ్య రోడ్డుకు అవతలి పక్కకు మళ్లేవాడు.

ఇవాళ మళ్లడానికి వీల్లేకపోయింది. ఎందుకంటే హ్యాండిల్ పట్టుకుని కూర్చున్నది ఆయన కోడలు.

మదార్ సాహెబ్ కళ్లు చిట్లించి, సైకిల్ గంటను బట్టి మనిషిని పోల్చుకున్నాడు. "ఏమప్పా ప్రేమయ్యా! యాడికి పోతాండావు? చూసినావా నీ కోడల్ని? సూది ఏసే చెయ్యి గదా, నొప్పి తెలీకుండా తోలుతాది!"

నిస్సీ గభాలున దిగి, "మామా..." అంది.

ప్రేమయ్య ఉప్పూ బెల్లమూ మరిచిపోయి సైకిల్ వెనక్కి తిప్పాడు.

మధ్యాహ్నానికి యేసుప్రసాద్ మంగంపేట నుంచి వచ్చాడు. కాళ్లు కడుక్కుని కూర్చున్నాడో లేదో, ప్రేమయ్య మొదలుపెట్టాడు.

"నీ పెండ్లాం ఏం చేస్తాందో తెలుసునా నీకు?"

"తెలుసు నాయనా. ఆటో నేర్చుకుంటాంది. లైసెన్సుకి నేనే తోడు పోయినా."

ప్రేమయ్యకు ఆటో కన్నా ఆ మాటే ఎక్కువ తగిలింది. "అంటే ఇంట్లో అందరికీ తెలుసు, నాకొక్కనికే తెల్దు. ఈ ఇంట్లో నేను యాడుండా?"

"నాకూ ఇప్పుడే తెలిసింది," అంది విశ్వాసమ్మ. "ఐనా నేను ఎగరడంల్యా."

నిస్సీ గోడకు ఆనుకుని నిలబడింది. "తప్పే మామా, ముందు చెప్పాల్సింది. చెప్తే వద్దంటావని భయపడినా. మదార్ చాచాకి చూపు మసకైపోయింది, ఇంక తోలలేడు. ఈ కాలనీ పిల్లోళ్లని బడికి తీసకపోయేది ఆయనొక్కడే. ఆటో ఎవురికో అమ్మేస్తా, సోమవారం బేరానికి వస్తారు అన్నాడు. నాకిస్తావా చాచా, వచ్చిందాంట్లో నీ భాగం నీకిస్తా అని నేనే అడిగినా."

"నర్సు చదివినావు తల్లీ నువ్వు! మీ నాయన ఏసుబాబు బేతంచెర్ల క్వారీలో బండలు మోసి చదివించినాడు. ఆ చదువు ఆటో సీటు కింద పెట్టి దాని మీద కూచుంటావా? కావాలంటే ఈ ఊళ్లోనే ఏదన్నా క్లినిక్కులో చేరు."

"అడిగినా. వాళ్లూ రాత్రులు ఉండమంటాండారు. ఇదైతే పొద్దున పిల్లోళ్లతో పాటు మహిమ కూడా నా పక్కనే ఉంటాది. ఆ బడిలోనే చిన్న క్లాసులో కూచుంటాది. మధ్యాన్నం పిలుచుకొచ్చి నా చేత్తో అన్నం పెడతా. సాయంత్రం మళ్లా ఒక ట్రిప్పు. దీపాలు పెట్టేయాళకి ఇంట్లో ఉంటా. నడుమ ఎవరికన్నా బీపీ చూడాలంటే చూస్తా, సూది వేయాలంటే వేస్తా. చదువేమీ మట్టిలో కలిసిపోదు మామా."

"సంఘంలో పెద్దని నేను. రేపు గుడికి ఏ మొగం పెట్టుకుని పోవాల?"

"ఉండే మొగమే పెట్టుకుని పో," అంది విశ్వాసమ్మ. "నువ్వు నిచ్చెనెక్కి గోడలకి రంగులేసినప్పుడు నిన్ను మొగం అడిగినారా ఎవురన్నా?"

"నువ్వూరుకో! మగోడు చేసే పని వేరు."

"పని పనేనప్పా. నిచ్చెనకి తెల్సునా ఎక్కింది ఎవురో?"

నిస్సీ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా గొంతు పెంచలేదు. "పొద్దున దాని ఆట చూసినావు కదా మామా. బొమ్మకి ముద్దు పెట్టి పోయింది. అమ్మంటే పోయేది అని నేర్చుకుంది. ఆస్పత్రిలో రాత్రంతా ఎవరెవరి పిల్లలకో జ్వరం చూస్తా. నా బిడ్డకి జ్వరమొచ్చి తగ్గినాక నాకు తెలుస్తాంది."

ప్రేమయ్య మెత్తబడబోయి, మళ్లీ బిగుసుకున్నాడు. "పిల్లోళ్లు ఏదో ఒకటి ఆడతారు. పనికి పోనివాళ్లు ఎవురు? నేను పోలేదా? వీడు పెరగలేదా?"

యేసుప్రసాద్ తల వంచుకుని, గనుల దుమ్ము పట్టిన గోళ్లను చూసుకుంటున్నాడు.

"పెరిగినా నాయనా," అన్నాడు. "ఒకటి చెప్తా, కోపం చేసుకోవద్దు. హైవే పక్కన గోడౌను గోడ గుర్తుండాదా? సిమెంటు మూట మీద ఏనుగు బొమ్మ ఏసినావు."

"ఎందుకుండదు? మూడు దినాలు ఏసినా దాన్ని."

"బళ్లో సారు, మీ నాయన యాడుంటాడ్రా అని అడిగితే, నేను ఆ గోడ చూపించేటోణ్ని. పోతా ఒకసారి, వస్తా ఒకసారి దాన్ని ముట్టుకునేటోణ్ని. బళ్లో బహుమతి వచ్చినప్పుడు కూడా ఆ గోడ కాడికే పోయి చెప్పినా."

విశ్వాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ సంగతి ఆమెకూ తెలియదు.

"నిన్ను తప్పు పట్టడంల్యా నాయనా. ఆ గోడలు రాసిన అన్నంతోనే నేను పెరిగినా. ఐతే ఇప్పుడు నేను మంగంపేటలో ఉండా. మహిమకి నాయనంటే ఫోను. వాళ్లమ్మ కూడా ఉత్త సంచీ ఐపోతే, దానికి ముట్టుకునేకి గోడ కూడా లేదు."

ప్రేమయ్య లేచాడు. భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్లిపోయాడు. ఆయన కళ్ల ముందు ఏనుగు బొమ్మ కదులుతోంది. ఆ బొమ్మకు తొండం ఎంత బాగా కుదిరిందో అని అన్నాళ్లూ మురిసిపోయాడు. దాని కింద నిక్కరు వేసుకుని నిలబడిన పిల్లవాడు ఆయనకు ఎప్పుడూ కనపడలేదు. చాలా ఏళ్ల కింద ఒకసారి పని నుంచి వస్తే, వాడు వాళ్లమ్మ వెనక నక్కి "ఎవరో వచ్చినారు" అన్నాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వాడు. ఆ నవ్వులోనే ఇసుక రేణువు చెప్పులోకి దూరిందని ఇప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం ఎవరూ ఎవరితో ఎక్కువ మాట్లాడలేదు. మహిమ మాత్రం అందరితోనూ మాట్లాడింది.

మరునాడు గుడి అయ్యాక వేపచెట్టు కింద చెప్పులు తొడుక్కుంటుంటే, సంఘంలోని సుగుణమ్మ నలుగురికీ వినపడేలా అడిగింది. "ఏం ప్రేమయ్య మామా, మీ కోడలు ఆటో తోలుతాదంటనే? నిజమేనా?"

నిస్సీ అడుగు ఆగిపోయింది. ప్రేమయ్య రెండో చెప్పు తొడుక్కుని నిదానంగా తలెత్తాడు.

"నిజమే సుగుణమ్మా. నర్సు తోలే ఆటో ఈ చుట్టుపక్కల యాడా లేదు. దారిలో పిల్లోడు దగ్గితే మందు కూడా చెప్తాది. మీ మనమణ్ని కూడా ఎక్కించు. సీటు ఉన్నెప్పుడే చెప్పు, మళ్లా లేదనకూడదు."

అని నడుస్తూనే, వెనక్కి తిరగకుండా, "అమ్మా నిస్సీ, రేపు తొలి ట్రిప్పు ఎన్నింటికి?" అన్నాడు.

నిస్సీ నోరు తెరిచేలోపే మహిమ జవాబిచ్చేసింది. "టిఫిన్ తిన్నాంక తాతా!"

సోమవారం పొద్దున, బేరానికి వచ్చినవాళ్లు ఉత్త చేతుల్తో తిరిగిపోయాక, ఆటో కాలనీ మొదట్లో నిలబడింది. నిస్సీ ఆస్పత్రి పని మానేస్తున్నట్టు చెప్పేసి, ఆదివారం పొద్దుగూకేదాకా ఖాళీ రోడ్డు మీద తోలి చెయ్యి కుదుర్చుకుంది. బడి సంచీలతో పిల్లలు ఎక్కి ఒకరినొకరు తోసుకుంటున్నారు. నిస్సీ పక్కన ఇరుకు చోటులో మహిమ, దాని ఒళ్లో గుడ్డబొమ్మ. ప్రేమయ్య ఆటో మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాడు. బండి కోసం, పిల్లల కోసం, రోడ్డు కోసం, మసకబారిన మదార్ సాహెబ్ కళ్ల కోసం చేశాడు. చివర, "మాకు పని ఇచ్చినందుకు స్తోత్రం తండ్రీ. పనిలో మా బిడ్డను పక్కనుంచినందుకు ఇంకా స్తోత్రం," అన్నాడు.

ఎక్కడా ఆగలేదు. విశ్వాసమ్మ ఒక కన్ను తెరిచి ఆయన్ని చూసి, మళ్లీ మూసుకుంది. ఆమెన్ అందరికన్నా గట్టిగా ఆమే అంది.

మధ్యాహ్నం ఆటో ఇంటి ముందు నీడలో ఆగి ఉంది. ఇంట్లో నిస్సీ మహిమకు అన్నం తినిపిస్తోంది. మహిమ పీట మీద కూర్చుని పళ్లెం మూతను హ్యాండిల్‌లా తిప్పుతూ, "జరుగు, జరుగు, రైట్!" అంటోంది. గుడ్డబొమ్మ చాప మీద లేదు. పీట మీదే, దాని పక్కనే కూర్చుని ఉంది. నిస్సీ ఆ ఆటను చూసి ముద్ద చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయింది.

"అమ్మా, డ్రైవరుకి ముద్ద పెట్టు. ఆకలైతాంది!" అంది మహిమ.

పెరట్లోంచి ట్రంకుపెట్టె మూత చప్పుడైంది. ప్రేమయ్య బ్రష్షులు బయటికి తీశాడు. వెంట్రుకలు రాయిలా గట్టిపడ్డాయి. పొద్దున బజారుకు పోయి రంగు డబ్బాలతో పాటు తెచ్చిన టర్పెంటాయిల్లో నానబెట్టి, ఒక్కొక్క బ్రష్షునూ చంటిబిడ్డ తల రుద్దినట్టు వేళ్లతో మెత్తబరిచాడు. ఆటో వెనక రేకును తడిగుడ్డతో తుడిచి, సుద్ద పూసిన దారం రెండు కొసలూ బిగించి మధ్యలో లాగి వదిలాడు. ఆకుపచ్చ మీద సన్నటి తెల్లగీత పడింది.

చెయ్యి కడుక్కుని వచ్చిన నిస్సీ తొంగిచూసింది. "వాక్యం రాస్తాండావా మామా? మహిమ పేరా?"

"వాక్యానికి ముందు అద్దం మీద చోటుండాది. మహిమకి నీ పక్క సీటుండాది. ఈ చోటు వేరేవాళ్లదమ్మా. శానా దినాల కిందే ఇచ్చేసినా."

ఎడమచేత్తో ఒక కర్రను రేకుకు ఆనించి, దాని మీద కుడి మణికట్టు మోపాడు. మొదటి అక్షరం కొంచెం బెరుగ్గా వచ్చింది. రెండో అక్షరానికి చెయ్యి తన ఊరు చేరుకుంది. పసుపు అక్షరాలు, వాటికి ఎర్రటి నీడ. యేసుప్రసాద్ మంగంపేట బస్సుకు సంచీ సర్దుకుని వచ్చి, వెనకాల నిలబడి చూశాడు. నాన్న రాస్తుండగా చూడటం అతనికి అదే మొదటిసారి. గోడల మీద రాత చూశాడు గానీ, రాసే చెయ్యిని ఎప్పుడూ చూడలేదు. మెల్లగా ముందుకొచ్చి రంగు డబ్బా ఎత్తి పట్టుకున్నాడు. ప్రేమయ్య తల తిప్పలేదు. డబ్బా ఎంత ఎత్తులో ఉండాలో ఆ ఎత్తుకే కొడుకు చేతిని కొద్దిగా జరిపి, బ్రష్షు ముంచుకున్నాడు.

విశ్వాసమ్మ పంపిన కబురుకు మదార్ సాహెబ్ కర్ర తాటించుకుంటూ వచ్చాడు. "ఏమప్పా, మళ్లా క్లచ్ పోయిందా?"

"క్లచ్ బాగుండాది. వెనక చూడు."

మదార్ సాహెబ్ వంగి ముఖాన్ని రేకుకు దగ్గరగా పెట్టాడు. ఆ కళ్లకు అక్షరాలు మసక మసకగా, పచ్చటి పొలంలో పసుపు పూలలా కనిపించి ఉంటాయి. చూపు చాలక వేలు చాచి చివరి అక్షరాన్ని ముట్టుకున్నాడు.

"తడిది! తడిది చాచా!" అని అరిచింది నిస్సీ. అప్పటికే వేలు అంటుకుంది.

"సాజియా," అన్నాడు ఆయన నెమ్మదిగా. "అది పాపగా ఉన్నెప్పుడు అడిగినా. ఇప్పుడు కర్నూల్లో కాలేజీలో చదువుతాంది. ఎందుకప్పా ఇంత కష్టం, ఎండలో?"

"రేపు రాస్తా అని చెప్పినా కదా సాహెబూ. ఆ రేపు ఇప్పటికి వచ్చింది. నన్ను ఒక్కసారన్నా అడగకపోతివే!"

"అడిగితే అప్పైతాది. అడక్కపోతే సావాసం." మదార్ సాహెబ్ నవ్వుతూ తడి కళ్లను ముంజేత్తో తుడుచుకున్నాడు. "ఇదో, పాడు చేసినా కదా నీ అక్షరాన్ని. దిద్దు."

చివరి అక్షరం అంచున వేలిముద్ర స్పష్టంగా పడింది. ప్రేమయ్య బ్రష్షు ఎత్తాడు. ఒక క్షణం చూసి, దించి, టర్పెంటాయిల్ డబ్బాలో వేసేశాడు.

"ఉండనీ. పేరు నేను రాసినా. సంతకం నువ్వు పెట్టినావు."

బడి వదిలే వేళైంది. మహిమ బొమ్మతో సహా ముందే ఎక్కి కూర్చుని హారన్ కొట్టింది. నిస్సీ ఆటోను ఎక్కిళ్లు లేకుండా కదిలించింది. గుట్ట మలుపు తిరిగేదాకా ఆకుపచ్చ మీద ఆ పసుపు పేరు మెరుస్తూ కనిపించింది. ముసలివాళ్లిద్దరూ రోడ్డుకు ఇవతలి పక్కనే నిలబడి చూశారు. మదార్ సాహెబ్ తన పసుపు వేలును ఎండలో ఎత్తి పట్టుకుని, తుడుచుకోకుండా, ఆరనిస్తున్నాడు.